బండి దిగినవాడు చుట్టం

నర్సీపట్నం నుంచి కొండల దిక్కుగా పోయే రోడ్డు మీద, జీడితోటలు అయిపోయి ఎత్తు మొదలయ్యే చోట ఒక టోల్‌గేటు ఉంది. రోడ్డు ప్రైవేటుది. ఒక కంపెనీ దాన్ని వేసి, ముప్పై ఏళ్ళపాటు బాగోగులు చూసుకుంటూ, పోయేవాళ్ళ దగ్గర రుసుము తీసుకునేలా ఒప్పందం రాసుకుంది. ఎగువకి మూడు లైన్లు, దిగువకి మూడు. ఎగువ మూడో లైను నగదుది. ట్యాగు లేనివాళ్ళు, ట్యాగులో డబ్బుల్లేనివాళ్ళు, అన్నీ ఉన్నా యంత్రాన్ని నమ్మనివాళ్ళు అందులోకి వస్తారు. అక్కడి గాజుగదిలో కొండలమ్మ కూర్చుంటుంది.

శీతాకాలం ఆదివారాల్లో ఆమె చూసేది బండ్లని కాదు, బండ్లు పుట్టడాన్ని. తెల్లవారుజామున మంచు కొండ దిగి వచ్చి తోటల మీద పడుకుంటుంది. అందులో ముందు రెండు పసుపు మచ్చలు పుడతాయి. కాసేపటికి వాటి వెనక ఒక గురగుర. ఆ తర్వాతెప్పుడో, ఇక రాదేమో అనుకున్నాక, బండి. అద్దం కిందికి దిగుతుంది. లోపలి నుంచి వెచ్చటి గాలి, పాట ముక్క ఒకటి, నారింజ తొక్కల వాసన వచ్చి ఆమె ముఖాన్ని తాకుతాయి. వెనక సీట్లో అద్దానికి బుగ్గ ఆనించి నిద్రపోయే పిల్ల. ముందు సీట్లో పులిహోర డబ్బా ఒడిలో పెట్టుకున్న ఇల్లాలు. ఒక చెయ్యి నోటు అందిస్తుంది, ఈ చెయ్యి చీటీ అందిస్తుంది, కర్ర లేస్తుంది, అద్దం ఎక్కుతుంది, అంతా మళ్ళీ తెలుపులో కలిసిపోతుంది. వాళ్ళంతా లంబసింగి పోయేవాళ్ళు. మంచు చూడటానికి మంచులోంచి పోయేవాళ్ళు. దారిలో ఉన్నది కూడా మంచేనని వాళ్ళకి తోచదు. వాళ్ళ లెక్కలో పైన వ్యూపాయింటు దగ్గర బోర్డు వెనకాల ఉన్నదే మంచు.

ఆరేళ్ళుగా కొండలమ్మ అలా వేల ముఖాలు చూసింది. ఛాతీ దాకానే. ఎవరి కాళ్ళూ చూడలేదు. బండికీ మనిషికీ కలిపి ఒకటే ఒళ్ళేమో, ఇంటికెళ్ళాక కూడా వీళ్ళు అలాగే చక్రాల మీద వంటగదిలోకి పోతారేమో అని అప్పుడప్పుడూ అనుకునేది. నిద్రకీ మెలకువకీ మధ్య ఉండే ఆ గంటల్లో ఇలాంటి ఆలోచనలకి ఎవరూ రుసుము అడగరు.

ఆ గదంటే ఆమెకి ఇష్టం. బయటికి చెప్పుకోవడానికి సిగ్గుపడేంత ఇష్టం. ఉద్యోగం ఎందుకమ్మా అంటే పిల్లల చదువనో, ఇంటద్దె అనో చెప్పాలి. అప్పుడే లోకం తల ఊపుతుంది. కొండలమ్మకి పిల్లలు లేరు. ఇంటద్దె మొగుడు సింగన్న నడిపే ఆటో మీద గడిచిపోతుంది. ఆమెకి ఆ గదే కావాలి. చుట్టూ గాజు, కాళ్ళ దగ్గర చిన్న హీటరు, ఎవరూ అర నిమిషం మించి మాట్లాడని ప్రపంచం. వాళ్ళ అమ్మ పసుపు చేలల్లో, అన్న కాఫీ తోటల్లో నిలబడి బతికారు. వాళ్ళ ఇంటి మనుషుల్లో కూర్చుని పనిచేసిన మొదటి మనిషి తనే. సింగన్న కూడా కూర్చునేగా నడుపుతాడు అంటే, ఆటో ముందుసీటుని కూర్చోవడం అనరని ఆమె వాదన.

అయితే కర్ర ఎత్తడం, దించడం ఆమెకి కంపెనీ నేర్పింది కాదు. చింతపల్లి అవతల ఆమె పుట్టిన ఊరు వంజరిగొంది. అక్కడ చైత్రంలో ఇటుకల పండగకి మగవాళ్ళు వేటకని అడవిలోకి పోతే, ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా వెదురుకర్ర కట్టి బండ్లని ఆపుతారు. పాడతారు, ఆడతారు, పండగ డబ్బులు ఇస్తేగానీ వదలరు. ఏడేళ్ళప్పుడు కొండలమ్మ ఆ వెదురు ఒక కొస పట్టుకుని నిలబడింది. రెండో కొస నాయనమ్మ దేవుడమ్మది. ధర కూడా ఆవిడదే. లారీకి ఇంత, జీపుకి ఇంత అని పట్టిక ఏమీ ఉండేది కాదు. డ్రైవరు ముఖం చూసి, వాడికెంత తొందరగా ఉందో చూసి అడిగేది. ఇదంతా చుట్టుపక్కల ఊళ్ళలోనూ ఉన్నదే. కానీ వంజరిగొందికి ఒక సొంత కట్టుబాటు ఉంది. బండిలో కూర్చున్నవాడినే డబ్బులడగాలి. కాలు నేల మీద పెట్టాడంటే వాడు చుట్టం. చుట్టాన్ని అడగకూడదు, పైగా జావో అంబలో పోసి పంపాలి. అందుకని ఆడవాళ్ళు గబగబా పని కానిచ్చేవాళ్ళు. బేరం సాగి ఎవడైనా తలుపు పిడి మీద చెయ్యి వేశాడంటే దేవుడమ్మ అవతలి నుంచి అనేది: "ఎత్తీయండే, దిగీసేలా ఉన్నాడు." వెదురు లేచిపోయేది.

డిసెంబరు రెండో ఆదివారం. ఎగువ మూడు లైన్లూ కలిసి గంటకి ఎనిమిది వందల బండ్లని వదలగలవు. ఆ ఉదయం ఐదుకీ ఆరుకీ మధ్య వచ్చినవి పన్నెండు వందలు. సూర్యుడు అందరికీ కలిపి ఒక్కసారే పొడుస్తాడు, వచ్చిన చిక్కల్లా అది. అప్పటికి అన్ని వేళలా ఒకటే ధర, కారుకి నలభై. ఖాళీ రోడ్డుకీ కిక్కిరిసిన రోడ్డుకీ ఒకే ధర ఉంటే మనకది న్యాయంగా కనిపిస్తుంది, సమానత్వమని మురిసిపోతాం కూడా. కానీ ఎదురుచూపు కూడా ధరే. అది ఎవరి గల్లాపెట్టెలోనూ పడకుండా గాలిలో కలిసిపోతుంది, అంతే తేడా.

వరస పెట్రోలు బంకు దాటిందని వాకీటాకీలో ఎవరో చెప్పారు. కొండలమ్మ చీటీ చింపుతూనే ఉంది. అప్పుడు, గాజులోంచి, నాలుగో బండి తలుపు తెరుచుకోవడం కనిపించింది. తెల్ల బూటు ఒకటి రోడ్డు మీద ఆనింది. దాని పక్కన రెండోది. తర్వాత ఇంకో తలుపు, ఇంకో తలుపు. మంచులో వరస పొడుగునా తలుపులు రెక్కల్లా విచ్చుకుంటున్నాయి. మనుషులు దిగుతున్నారు. చేతులు రుద్దుకుంటూ, ఫోన్లు పైకెత్తి ఫొటోలు తీసుకుంటూ, ఎవరూ ఎక్కడికీ పోకుండా, నీళ్ళలో అడుగున నడిచేవాళ్ళలా మెల్లగా తిరుగుతున్నారు. అందరికీ కాళ్ళున్నాయి. శాలువా కప్పుకున్న ఒక ముసలావిడ ఆ తెలుపులోంచి నడుచుకుంటూ వచ్చి, గాజుగది చట్రం మీద చెయ్యి ఆనించి, లోపలికి తొంగిచూసింది.

"ఇక్కడ టీ ఏమైనా దొరుకుద్దా తల్లీ?" అంది.

కొండలమ్మ గదిలో ఎర్రటి బటన్ ఒకటి ఉంది. అంబులెన్సు వస్తే నొక్కడానికి. నొక్కితే ఎగువ కర్రలు మూడూ ఒకేసారి లేస్తాయి, మళ్ళీ నొక్కేదాకా దిగవు. ఆమె ఆ బటన్ నొక్కేసింది.

నవ్వులు, పరుగులు, తలుపుల చప్పుడు. ఆ తర్వాత బండ్లు ఆగకుండా పారాయి. ఎవరూ ఆగలేదు కాబట్టి ఎవరి ముఖమూ కనబడలేదు. వెనక ఎర్రదీపాలు ఒకదాని వెంట ఒకటి తెలుపులోకి పోయి ఆరిపోవడం చూస్తూ ఆమె కూర్చుంది. అంత హాయిగా ఆ కుర్చీలో ఎప్పుడూ కూర్చోలేదు.

పదకొండు నిమిషాలకి మేనేజరు జగదీశ్వరరావు మఫ్లరు సగం చుట్టుకుని, క్వార్టర్సు నుంచి పరుగెత్తుకు వచ్చి, తనే చెయ్యి లోపలికి పెట్టి బటన్ నొక్కాడు. కర్రలు దిగాయి. అప్పటికి రెండు వందల అరవై మూడు బండ్లు ఊరికే పోయాయి. పది వేల ఐదు వందల ఇరవై రూపాయలు.

"ఏటమ్మా కొండలమ్మా, అంబులెన్సు వొచ్చిందా?"

"నేదండి."

"ఆఫీసరెవరైనా పోయారా?"

"నేదండి."

"మరెందుకు ఎత్తీసినావు?"

"దిగీసినారండి."

"ఎవరు?"

"అందరూనండి."

జగదీశ్వరరావు రావికమతం మనిషి. మంచివాడు, భయస్థుడు. రెండూ ఒకే ఒంట్లో ఉంటే ఆ మనిషి ముందుగా అబద్ధమే ఆలోచిస్తాడు. "గురువారం హైదరాబాదు నుంచి రమణబాబు గారు వొస్తున్నారు. డైరెక్టరు ఆయన. సెయ్యి జారిందని సెప్పు. శాలువా కొస బటన్‌కి తగిలీసిందని సెప్పు. బేగి ఒప్పీసుకుని బేగి బయటపడిపో."

"పదకొండు నిమిసాలు తగిలిందాండి?"

"అది నాకొదిలెయ్. నేదంటే ఉద్యోగం పోద్ది, నీ ఇష్టం."

నర్సీపట్నం అబీద్ సెంటర్ వెనక సందులోని ఇంట్లో, మధ్యాహ్నం అన్నం తింటూ సింగన్న సంగతంతా విన్నాడు. కాసేపు నమిలి, "రెండొందల అరవైమూడు బళ్ళు," అన్నాడు. "ఆరేళ్ళ బట్టీ నా ఆటోకి ఒక్కపాలి ఊరికే ఎత్తనేదు నువ్వు."

"నువ్వెప్పుడు దిగినావు?"

"దిగితే వొదిలీదానివా?"

"నీకు అంబలి పొయ్యాలి మళ్ళీ. రోజూ పోస్తన్నాను, సాల్దా?"

సింగన్న నవ్వాడు గానీ ఆమె నవ్వలేదు. కంచంలో చెయ్యి అలాగే ఉండిపోయింది. "గది పోద్దేమో," అంది. ఉద్యోగం అనలేదు. అతను తేడా కనిపెట్టాడు.

గురువారం నాటి సమావేశం నిజానికి ఆమె కోసం పెట్టింది కాదు. శీతాకాలం రద్దీకి ఇంకో రెండు లైన్లు కట్టాలా వద్దా అన్నది తేల్చడానికి. అందుకోసం సాయిప్రియ అనే అమ్మాయి రెండు నెలలుగా గేటు దగ్గర బండ్లు లెక్కపెట్టిస్తోంది. మాకవరపాలెం పిల్ల. విశాఖపట్నంలో చదువుకుని, రోడ్ల మీద రుసుములు ఎంత ఉండాలో, లైన్లు ఎన్ని ఉండాలో లెక్కకట్టే పనిలో ఉంది. కొండలమ్మ తలుపు దగ్గర నిలబడింది. కూర్చోమని జగదీశ్వరరావు చూపించిన కుర్చీ వైపు చూసి కూడా నిలబడింది.

రమణబాబు మెత్తగా మాట్లాడే మనిషి. "రోడ్డంటే సేవమ్మా," అని మొదలుపెట్టాడు. "సేవలో క్రమశిక్షణ ఉండాలి. అసలేం జరిగిందో చెప్పు."

"శాలువా కొస తగిలీసిందండి," అని కొండలమ్మ అంది. జగదీశ్వరరావు ఊపిరి వదిలాడు.

"పదకొండు నిమిషాలు నీకు తెలియలేదా?"

ఆమె సిద్ధం చేసుకున్నది ఒక్క వాక్యమే. దాని వెనక ఇంకోటి లేదు. కిటికీ బయట గేటు నీలం కప్పు కింద ఒక లారీ ఆగి, కదిలింది. అబద్ధానికి కూడా లైను కట్టాలి, ఒకటి వెళితే వెనకాలే ఇంకోటి రావాలి. తన దగ్గర ఆ వరస లేదని ఆమెకి అర్థమైంది.

"శాలువా కాదండి. నానే నొక్కినాను. దిగీసినారండి వాళ్ళు. మా ఊళ్ళో దిగినోడు సుట్టం. డబ్బులడక్కూడదు. ఒక ముసలామె టీ అడిగింది. నా కాడ టీ నేదు. అందుకని ఎత్తీసినాను."

జగదీశ్వరరావు బల్ల మీద లేని దుమ్ము తుడిచాడు. రమణబాబు ఏదో అనబోతుంటే సాయిప్రియ కంప్యూటర్ మీంచి తలెత్తింది.

"ఎన్ని గంటలకి దిగారు పెద్దమ్మా, మొదటివాళ్ళు?"

"అయిదున్నర దాటింది. సరిగ్గా సెప్పాలంటే ముప్పై అయిదు."

సాయిప్రియ తెర అటు తిప్పింది. గీత ఒకటి చక్కగా నడుస్తూ వచ్చి, ఐదూ ముప్పై ఐదు దగ్గర కొండ అంచు మీంచి జారినట్టు పడిపోయింది. "అంతవరకూ నిమిషానికి పదమూడు బండ్లు పోతున్నాయి సార్. అక్కడి నుంచి కర్రలు లేచేదాకా తొమ్మిది. మెషిన్లు బానే ఉన్నాయి, మనుషులు బానే ఉన్నారు, ఎందుకు పడిందో నాకు నాలుగు రోజులుగా అంతుబట్టలేదు. దిగారు, అదీ సంగతి. ముందు బండి కదిలినా వెనక డ్రైవరు బండిలో లేడు, ఫొటో దిగుతున్నాడు. వాడు ఎక్కేసరికి నిమిషం. ఒక్కడు దిగితే వెనక వందమందికి నిమిషం. ఒకసారి దిగడం మొదలైందంటే లైన్లు ఎన్ని కట్టినా సగం పనే చేస్తాయి."

"అయితే ఈవిడ చేసింది రైటంటావా?"

"రైటో కాదో నేను చెప్పను. అంతకు ముందు ఆదివారం అదే వేళకి విసిగిపోయి వెనక్కి తిరిగిన బండ్లు మూడు వందల పది. ఈ ఆదివారం నలభై. మిగిలినవి కర్రలు దిగాక డబ్బులు కట్టి గేటు దాటాయి. ఎత్తడం వల్ల పోయింది పదివేల ఐదొందల ఇరవై, అవి తిరిగిపోనందువల్ల వచ్చింది పదివేల ఎనిమిదొందలు. రెండొందల ఎనభై లాభం."

రమణబాబు ఆ అంకె వంక, జారిపడిన గీత వంక, కొండలమ్మ వంక చూశాడు. సాయిప్రియ మాత్రం ఉత్సాహంలో ఉంది. "ఇది గిరిజన విజ్ఞానం సార్. తరాల అనుభవం. కాలు కింద పెట్టిన క్షణమే రోడ్డు ఓపిక అయిపోయిన క్షణమని వాళ్ళకి ఎప్పుడో తెలుసు."

"విగ్నానం కాదమ్మా," అంది కొండలమ్మ. "జావ పొయ్యాలని భయం. మా నాయనమ్మ పిసినారి."

జగదీశ్వరరావు దగ్గినట్టు నటించి నవ్వాడు. ఎదుటివాళ్ళు తప్పుగా అర్థం చేసుకుని ఇచ్చిన గొప్పతనాన్ని నెత్తిన పెట్టించుకోవడానికి ఎంతమంది ఒప్పుకోరు? కానీ దేవుడమ్మ సంగతి ఆమెకి బాగా తెలుసు.

మధ్యాహ్నానికి లెక్కలు తేలాయి. కొత్త లైన్లు వద్దన్నది సాయిప్రియ. ఏడాదిలో పదహారు ఆదివారాలు, పూటకి రెండు గంటలు, మొత్తం ముప్పై రెండు గంటల కోసం కోట్లు పోసి కట్టినా, పైన వ్యూపాయింటు దగ్గర ఆరు వందల బండ్లకే చోటుంది. నోరు పెంచితే పొట్ట పెరగదు. దాని బదులు ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరలోపు పోయేవాళ్ళకి ఇరవై, ఐదు నుంచి ఆరు దాకా ఎనభై, మిగతా వేళల్లో నలభై. పల్లెల జీపులకి, ఆటోలకి ఏ వేళైనా పాత ధరే. ఒప్పందంలో రద్దీ వేళ అన్న మాట ఉండనే ఉంది, ఇన్నాళ్ళూ ఎవరూ వాడలేదు. జనం తిట్టరా అని రమణబాబు అడిగాడు. "తిడతారు సార్. ఇప్పుడు వరసలో నిలబడి తిడుతున్నారు, అప్పుడు పోతూ పోతూ తిడతారు," అంది. ఇంకోటి కూడా అంది. అంతకీ వరస పెరిగి జనం దిగడం మొదలుపెడితే కర్రలు కాసేపు ఎత్తేయాలి. కానీ దిగుతున్నారని తెలిసేదెలా? మంచులో కెమెరాకి మంచే కనబడుతుంది. ఒక మనిషి వరస పక్కన నిలబడి చూడాలి.

అందరూ ఒకే వైపు చూశారు.

"ఒకటి మాత్రం చెప్పాలి," అన్నాడు రమణబాబు. ఈసారి సేవ అనలేదు. "తప్పు చేశావని పంపెయ్యను. కానీ ఆ బటన్ ఉన్న గదిలో నిన్ను కూర్చోబెట్టలేను. రేపు ఇంకోటేదో గుర్తొచ్చి నొక్కుతావు. నా స్థానంలో నువ్వున్నా అంతే చేస్తావు."

అందులో అన్యాయం ఎక్కడుందా అని కొండలమ్మ వెతుక్కుంది. దొరకలేదు. దొరికి ఉంటే కాస్త తేలిగ్గా ఉండేది.

కంపెనీ పట్టికలో వరస చూసే ఉద్యోగమంటూ లేదు. ఖాళీ ఉన్నది ఒక్క తోటమాలి పోస్టు. జగదీశ్వరరావు దానిలో ఆమె పేరు రాశాడు. జీతం పన్నెండు వందలు తక్కువ. చలి నాలుగు నెలల ఆదివారాలు వరస దగ్గర, తక్కిన రోజుల్లో రోడ్డు మధ్య గన్నేరు మొక్కలకి నీళ్ళు.

"పోనీలే, ఉన్నావు కదా," అన్నాడతను, కొత్త గుర్తింపుకార్డు చేతికిస్తూ.

"ఉన్నానండి," అంది. సాయంత్రం గదిలోంచి తన సామాను తెచ్చుకుంది. స్టీలు గ్లాసు, దువ్వెన, ఊలు సాక్సు జత. మూడో లైనుకి శ్రీదుర్గ అనే కొత్తమ్మాయి వచ్చింది. కుర్చీ ఎత్తు ఎలా పెంచాలో కొండలమ్మే చూపించింది. "హీటరు కాళ్ళకి మరీ దగ్గరెట్టకే, నిద్దరొచ్చీస్తాది," అని చెప్పి బయటికి వచ్చి, మొక్కల మధ్య ముక్కు చీదుకుంది.

జనవరి మొదటి ఆదివారం కొత్త ధరలు వచ్చాయి. కొండలమ్మ నారింజ రంగు కోటు వేసుకుని, వాకీటాకీ పట్టుకుని, గేటుకి మూడు వందల గజాల కింద, రోడ్డు వారన నిలబడింది. చలి చెవుల్లోంచి ఎక్కుతోంది. నాలుగింటి నుంచే బండ్లు రావడం మొదలైంది. ఇరవై రూపాయల మంచు కోసం ముందే లేచినవాళ్ళు. ఐదింటికి వరస ఉంది గానీ కదులుతోంది, మంచులో ఒక పొడుగాటి జంతువు నిద్రలో ఒళ్ళు సర్దుకుంటున్నట్టు. ఎనభయ్యా అని ఎవరో లోపల తిట్టుకుంటూ పోయారు. ఆమెకి ఇప్పుడు ముఖాలు కనబడటం లేదు. తలుపులు కనబడుతున్నాయి, చక్రాలు, తలుపుల కింద సందుల్లోంచి సన్నటి వెలుగు. గాజు లేని చోట మంచు ఇంత చప్పుడు లేకుండా ఉంటుందని ఆమె మరిచిపోయింది. జీడాకుల మీంచి నీటిబొట్లు పడటం వినిపిస్తోంది. తనూ ఆ తెలుపులో సగం కలిసిపోయి, బండ్లలోవాళ్ళెవరికీ కనబడకుండా, కలలో నిలబడినట్టు నిలబడింది.

ఐదూ నలభైకి వరస ఆగింది. ఒక నిమిషం. రెండు. ఆమె ఎదురుగా ఉన్న తెల్లకారు వెనక తలుపు తెరుచుకుంది. ఒక పెద్దమనిషి సీటు అంచుకి జరిగి, ఒక కాలు రోడ్డు మీద పెట్టాడు. రెండో కాలు ఇంకా లోపలే ఉంది. మంచు వంక చూస్తూ, దిగాలా వద్దా అని తేల్చుకోలేనట్టు అలాగే కూర్చున్నాడు.

వంజరిగొందిలో ఒక కాలు గురించి కట్టుబాటు ఏమీ లేదు. ఆమె వాకీటాకీ నోటి దగ్గరికి తెచ్చుకుని ఆగింది.

"అక్కా," శ్రీదుర్గ గొంతు గరగరలాడింది, "ఎత్తీమంటావా?"

"ఉండవే. ఆలోచిస్తన్నాడు."

ముందు బండి కదిలింది. పెద్దమనిషి కాలు లోపలికి తీసుకున్నాడు, తలుపు మెత్తగా మూసుకుంది. కారు ఆమె పక్కనుంచి మెల్లగా కొండ మీదికి పోయింది. కొండలమ్మ రెండు అడుగులు కిందికి నడిచి, తర్వాతి తలుపు వైపు చూడటం మొదలుపెట్టింది.